ఉత్తరానికి సరిపడే ఇంకు

జూన్ 5, గురువారం

ఇవాళ్టి నుంచి బాల్ పెన్ను ముట్టను. ఇది మొదటి నిర్ణయం. రోజూ రాయడం రెండోది. మూడోది ఇంకా ఆలోచించలేదు.

ఇరవై రెండేళ్లు నాచారంలో ఒకే మందుల కంపెనీలో పనిచేశాను, క్వాలిటీ విభాగంలో. ఇంకు పెన్ను గేటు దాటి లోపలికి రాకూడదు. చుక్క నీరు పడితే రాత చెరిగిపోతుందని భయం. వాళ్లిచ్చిన నీలం బాల్ పెన్నుతోనే రాయాలి. తప్పు రాస్తే దిద్దకూడదు, తెల్ల రంగు పూయకూడదు. కింది అక్షరాలు కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం చేసి తేదీ వేయాలి. ఇంట్లో సరుకుల చీటీ కూడా అలాగే దిద్దేవాణ్ణి. మా ఆవిడ అరుణ పడీ పడీ నవ్వేది.

మే నెలాఖరుతో ఆ కంపెనీకి నమస్కారం పెట్టేశాను. జులై 1న చర్లపల్లిలో కొత్త ఉద్యోగం, మేనేజరు హోదా. మధ్యలో ఈ నెల నాది. నలభై ఎనిమిదేళ్ల వయసులో మనిషికి కొత్తగా మొదలుపెట్టే అవకాశం ఎన్నిసార్లు వస్తుంది?

పెన్ను చిల్కానగర్‌లో శ్యామలమ్మ గారి స్టేషనరీ కొట్టులో కొన్నాను. సన్న పాళీ, రాయల్ బ్లూ ఇంకు. బాగుంది. కొంచెం గీరుకుంటోంది, అలవాటవుతుంది.

కంపెనీలో నా కింద పనిచేసిన చంద్రిక రెండుసార్లు ఫోన్ చేసింది. చేతులకు ఇంకు ఉండి ఎత్తలేదు.

జూన్ 6

మళ్లీ చేసింది. ఎత్తలేదు. పాళీ గీరుకుంటూనే ఉంది.

జూన్ 7, శనివారం

ఎత్తాను.

"సార్, మల్లాపూర్‌ల టెస్టింగ్ ల్యాబ్ ఒకటి ఉంది. ఇంటర్వ్యూ మంచిగనే అయింది. కానీ మన కంపెనీకి ఫోన్ చేసి అడిగిన్రంట. తప్పుడు రికార్డు రాసిందని తీసేసినమని చెప్పిన్రు. మీరు నా సూపర్‌వైజర్ గద సార్. అసలేమైందో మీ చేతితోని ఒక్క లెటర్ రాసిస్తే సూస్తమన్నరు. నెలాఖరు దాక టైం ఇచ్చిన్రు."

"తప్పకుండా రాస్తానమ్మా. నాలుగు రోజులు టైమివ్వు," అన్నాను.

జరిగిందేమిటో ఒకసారి కాగితం మీద పెడితే ఉత్తరం రాయడం తేలికవుతుంది. మాత్రలు ఎంతకాలం నిలవుంటాయో చూడడానికి వాటిని వేడిలో, తేమలో ఉంచే గది ఒకటుంది. రోజుకు మూడుసార్లు ఆ గది రీడింగు పుస్తకంలో రాయాలి. చదివినవారి గడిలో ఒకరి సంతకం, సరిచూసినవారి గడిలో వేరొకరి సంతకం. ఒకే మనిషి రెండింటిలోనూ పెట్టకూడదు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం సాయంత్రం ఆరు గంటల రీడింగు చంద్రిక సంతకంతో ఉంది. ఆ రోజు చంద్రిక అసలు గేటు లోపలికే రాలేదని ఆమె కార్డు రికార్డు చెప్పింది. తనిఖీకి వచ్చినవాళ్లు పట్టుకున్నారు. ఆమె ఉద్యోగం పోయింది. సరిచూసిన గడిలో సంతకం నాది కాబట్టి నాకు మందలింపు కాగితం ఒకటి ఇచ్చారు.

విచారణలో అడిగినదానికి నేను ఉన్నదే చెప్పాను.

జూన్ 9, సోమవారం

శనివారం నాటి చివరి వాక్యం మీద ఒక గీత కొట్టాను. ల.కా., 9-6.

ఆ ఆదివారం డ్యూటీ నాది. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉంది. మ్యాచ్ రోజున నాచారం నుంచి ఆ పక్కనే ఉన్న మా ఇంటికి చేరాలంటే ఎంత నరకమో ఇక్కడ ఉన్నవాళ్లకే తెలుసు. అందుకని నాలుగున్నరకే బయటపడ్డాను. విచారణలో అడిగితే, చంద్రికది రామంతాపూరే కదా, ఆరింటికి వెళ్లి రీడింగు చూడమని ఫోన్ చేసి అప్పజెప్పానని చెప్పాను. ఫోన్ చేసినట్టే గుర్తు.

ఉత్తరం మొదలుపెట్టాను. "చంద్రిక అనే ఉద్యోగి నా వద్ద రెండేళ్లు..." వరకు వచ్చాక అనుమానం వచ్చి దాని మీద ఒక చుక్క నీళ్లు వేశాను. నిమిషంలో అక్షరాలు నీలం మరక అయిపోయాయి. ఇలాంటి ఇంకుతో అంత ముఖ్యమైన ఉత్తరం ఎలా రాస్తాం? ముందు ఇంకు సంగతి తేల్చాలి.

జూన్ 12, గురువారం

బడులు తెరిచారు. అరుణ పొద్దున్నే రామంతాపూర్ బడికి వెళ్లిపోయింది. పదింటికల్లా ఇంట్లో ఊపిరాడక బయటపడ్డాను.

శ్యామలమ్మ గారి కొట్టులో అట్టలు, లేబుళ్లు కొనే తల్లుల మధ్య అరగంట నిలబడ్డాను. ఆవిడకి అరవై దాటి ఉంటాయి. భర్త పెన్నులు బాగుచేసేవాడట. ఆయన పోయాక ఆయన భూతద్దం ఈవిడ పెట్టుకుంటోంది. ఎవరినీ 'మీరు' అనదు.

"మళ్లొచ్చినవా సారూ? మొన్ననే గద తీస్కవోయినవ్. ఏమైంది దానికి?"

"గీరుకుంటోందండీ. ఇంకు కూడా నీళ్లు తగిలితే పోతోంది."

"నీళ్లెందుకు పోస్తున్నవ్ దాని మీద?"

మాట మార్చి, వెడల్పు పాళీ పెన్ను, ఆకుపచ్చ ఇంకు తెచ్చుకున్నాను. కొత్త జీవితానికి పచ్చగా ఉంటే బాగుంటుందనిపించింది.

సాయంత్రం అరుణ చూసింది. "ఏవండోయ్, గెజిటెడ్ ఆఫీసరు అయ్యారా ఏంటి, ఆకుపచ్చ ఇంకు? సర్టిఫికెట్ల మీద సంతకాలకి రేపట్నుంచి మన గుమ్మంలో లైను కడతారు."

మామూలుగా అయితే నవ్వేవాణ్ణి. మనిషి తనకు నచ్చిన రంగులో రాసుకోవడానికి కూడా పర్మిషన్ కావాలా అని అరిచాను. పక్కవాటా వాళ్లకు వినపడే ఉంటుంది. అరుణ వంటింట్లోకి వెళ్లింది. ఉత్తరం ఆకుపచ్చలో రాస్తే నిజంగానే ఎవరూ నమ్మరు.

జూన్ 14

వాన వెలిశాక ఉప్పల్ చౌరస్తాలో రోడ్డు మీది నడక వంతెన, స్కైవాక్ ఎక్కాను. గుండ్రంగా నాలుగు చుట్లు తిరిగి, ఎక్కిన మెట్లే దిగాను. ఎక్కడికి వెళ్లాలో తేలలేదు. చంద్రిక మెసేజ్: "సార్, లెటర్?" రేపు అని పెట్టాను.

జూన్ 15, ఆదివారం

నాలుగున్నరకే బయటపడింది ట్రాఫిక్‌కి భయపడి అన్నట్టు రాశాను. ట్రాఫిక్ కాదు. ఆ రోజు మ్యాచ్‌కి నా దగ్గర టికెట్ ఉంది.

పరికరాలు అమ్మే ఏజెంటు ఒకాయన ఇచ్చాడు. ఇన్నేళ్లుగా స్టేడియం పక్కనే ఉంటూ, మ్యాచ్ రోజున అరుపులు మేడ మీద నుంచి వినడమే తప్ప లోపలికి వెళ్లింది లేదు. ఒక్కసారి వెళ్లాలనిపించింది. ఇందులో అంత ఘోరం ఏముంది? రీడింగు సంగతి గుర్తొచ్చేసరికి ఆరున్నర అయింది. నా సీట్లో నేనున్నాను, చేతిలో మొక్కజొన్న పొత్తు. పొద్దున చూసుకుందాంలే అనుకున్నాను.

ఫోన్ చేయలేదు. ఆ రోజు చంద్రికకి నేను ఫోన్ చేయలేదు. సరిచూసే సంతకం నాది కాబట్టి చదివిన గడికి ఇంకొకరు కావాలి; సోమవారం నేను చెబితే, నేను చెప్పిన అంకెలే ఆమె రాసింది. గది చల్లబడలేదు, వేడెక్కలేదు, మందులకేమీ కాలేదు.

జూన్ 16, సోమవారం

పాత కంపెనీలో మా పెద్దాయన గోపాలరావు గారికి ఫోన్ చేశాను. చంద్రిక అడిగిన ఉత్తరం గురించి, ఉన్నది చెప్పి సలహా అడుగుదామని.

"లక్ష్మీకాంత్ గారూ, అయిపోయిందాన్ని మళ్లీ ఎందుకండీ కెలుకుతారు? మీరిప్పుడు అది రాసిస్తే విచారణలో అబద్ధం చెప్పానని ఒప్పుకున్నట్టే. చర్లపల్లి వాళ్లకి తెలియకుండా ఉంటుందా? ఈ ఫీల్డులో అందరికీ అందరూ తెలుసు. ఆ అమ్మాయిది చిన్న వయసు, ఇంకో లైను చూసుకుంటుంది."

"అంతే లెండి," అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు హాయిగా ఉంది. తర్వాత పోయింది.

చంద్రికకి ఇరవై ఆరేళ్లు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ఇంకో లైను అంటే ఏమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

జూన్ 18, బుధవారం

మూడో పెన్ను. రాజమండ్రి నల్ల పెన్ను, ఎబొనైటు అనే గట్టి రబ్బరుతో చేత్తో చేసింది, లోపలికి డ్రాపరుతో ఇంకు పోసుకోవాలి. మంచి బరువు. ఇదే సరైనదనుకున్నాను. జేబులో పెట్టుకుని బండి మీద రింగ్ రోడ్డు గతుకుల్లో వస్తుంటే ఇంకంతా కక్కింది. కొత్త ఉద్యోగానికి కుట్టించుకున్న తెల్ల చొక్కా పోయింది.

రేపు వెళ్లి శ్యామలమ్మ గారిని కడిగేస్తాను.

జూన్ 19, గురువారం

ఆవిడే నన్ను కడిగేసింది.

"బండి మీద ఎగిరించుకుంట తెస్తే కక్కదా మరి? పెన్నుది తప్పా?" అంటూ భూతద్దం తీసి పక్కన పెట్టింది. "జర కూసో సారూ. ఒక మాట అడుగుత, ఏమనుకోకు."

పెన్నులు రాసి చూసుకోవడానికి కొట్టులో ఒక పుస్తకం ఉంటుంది. దాన్ని తిప్పి నా ముందు పెట్టింది.

"ఇరవై ఏండ్ల సంది సూస్తున్న. పెన్ను చేతికిస్తే ప్రతోడు తన పేరు రాసి సూస్కుంటడు. లేకుంటె సంతకం పెడ్తడు. నువ్వేంది ఈ పిల్ల పేరు రాస్తున్నవ్? గిదో, గిదో, మల్ల గీడ. చంద్రిక, చంద్రిక, చంద్రిక. ఎవరు గీ చంద్రిక?"

నిజమే. మూడు పేజీల్లో నా రాత ఉంది. "చంద్రిక అనే ఉద్యోగి" అని మొదలై ప్రతిసారీ అక్కడే ఆగిపోయింది. రాస్తున్నట్టు నాకే తెలియదు.

"మా ఆఫీసులో అమ్మాయండీ," అన్నాను.

"మీ ఇంటామె నా తాన్నే ఎర్ర పెన్నులు కొంటది, ఎరికేనా?" అంది.

ఆవిడ అనుకుంటున్నది వేరు అని చెప్పడానికి నోరు తెరిచాను. అసలు విషయం చెప్పడం కంటే ఆవిడ అనుకుంటున్నదే నయమనిపించి మూసేశాను. పెన్ను సంగతి కూడా తేల్చుకోకుండా వచ్చేశాను.

జూన్ 20, శుక్రవారం

అరుణ బడి నుంచి వస్తూ ఎర్ర పెన్నుల పెట్టె తెచ్చింది. బల్ల మీద పెట్టి, చెప్పులు కూడా విప్పకుండా అడిగింది.

"చంద్రిక అంటే ఆ ఉద్యోగం పోయిన అమ్మాయే కదా?"

"అవును."

"ఆ అమ్మాయి పేరు మీరు కొట్టులో కూర్చుని పేజీలు పేజీలు రాస్తున్నారట. శ్యామలమ్మ నన్ను పక్కకి పిలిచి, భుజం మీద చెయ్యేసి మరీ చెప్పింది. అందరి ముందూ తల ఎత్తుకోలేకపోయాను. ఏంటండీ ఇది?"

నవ్వొచ్చింది. నవ్వితే చంపేసేది. చెప్పేశాను. టికెట్, ఆరింటి రీడింగు, సోమవారం, ఫోన్ చేశానని ఆడిన అబద్ధం. ఒక్కోటి చెబుతున్నకొద్దీ అరుణ మొహంలో మొదటి కోపం పోయి ఇంకో రకం కోపం వచ్చింది.

"ఆ అమ్మాయి నిర్లక్ష్యం వల్ల మీకు చెడ్డపేరు వచ్చిందని చెప్పారు నాతో. నేను మా స్టాఫ్ రూములో కూడా చెప్పాను, ఈ కాలం పిల్లలకి బాధ్యత లేదని." చెప్పులు విప్పి పక్కన పెట్టి, "ఉత్తరం రాస్తే కొత్త ఉద్యోగం పోతుందా?" అంది.

"పోవచ్చు."

"అయితే ఒకటో తారీఖున చేరాక రాయండి. చేరిన మనిషిని అంత తేలిగ్గా తీసేయరు."

ఇది పద్ధతిగా ఉంది. అరుణ మాట ఎప్పుడూ పద్ధతిగానే ఉంటుంది.

జూన్ 21

అరుణ చెప్పినట్టు చేరాకే రాస్తాను.

జూన్ 22

చంద్రిక గడువు 30. అయినా అరుణ చెప్పింది కాబట్టి.

జూన్ 23

బ్లూ బ్లాక్ ఇంకు తెచ్చాను. ఇనుము కలిసిన ఇంకట. రాసినప్పుడు లేత నీలంగా ఉంది, గంటకు నల్లబడింది. మీద నీళ్లు వేసినా కదల్లేదు. మొదటి పెన్ను పాళీని శ్యామలమ్మ గారు ఏదో చిన్న రాయి మీద నాలుగుసార్లు అటూ ఇటూ అని ఇచ్చింది, గీరుకోవడం పోయింది. ఇప్పుడు పెన్ను ఉంది, ఇంకు ఉంది. కాగితం కూడా మంచిది దొరికింది, ఇంకు పాకడం లేదు.

అరుణ ఒకటో తారీఖు దాకా ఆగమంది.

జూన్ 25, బుధవారం

చంద్రిక మెసేజ్: "సార్, అయిదు రోజులే ఉంది." కింద ఇంకేమీ లేదు. జవాబు పెట్టలేదు.

అరుణ పిల్లల నోటుబుక్కులు దిద్దుతోంది. దిద్దుతూనే, తలెత్తకుండా అంది.

"ఆగమని నేనన్నానని రాసుకున్నారా ఆ డైరీలో?"

"నా డైరీ చదివావా?"

"చదవక్కర్లేదండీ. ఇరవై ఏళ్ల కాపురం. నాకు భయమేసింది, అన్నాను. భయపడే హక్కు నాకుంది. దాన్ని పట్టుకుని నా వెనక దాక్కోకండి. ఉంచాలో పోగొట్టుకోవాలో మీ ఉద్యోగం, మీ ఇష్టం. కానీ నేను ఆపానని మాత్రం అనకండి."

లేచి బయటికి వెళ్లిపోయాను. చిల్కానగర్ చౌరస్తా దాకా నడిచాను, వెనక్కి వచ్చాను, మళ్లీ వెళ్లాను. అరుణ మీద ఒళ్లు మండిపోయింది. ఇంటికి వచ్చి ఈ నాలుగైదు రోజుల రాతలు చదివాను. ఉందిగా, "అరుణ చెప్పింది" అని, మూడు చోట్ల.

జూన్ 27, శుక్రవారం

రాశాను. రెండు పేజీలు. డ్యూటీ నాదే, మ్యాచ్‌కి వెళ్లాను, ఫోన్ చేయలేదు, సోమవారం నేను చెప్పిన అంకెలు నా మాట మీద చంద్రిక రాసింది, విచారణలో అబద్ధం చెప్పాను. పూర్తి పేరు, సంతకం, తేదీ. ఒక్క కొట్టివేత లేదు. చంద్రిక చూశాక గోపాలరావు గారికి ఒక కాపీ, ల్యాబ్‌కి ఒకటి పంపాలి.

ఛాతీ మీద నుంచి రాయి దించినట్టు ఉంది. ఇలా అయితే ఎప్పుడో రాయాల్సింది. నన్ను నేను కొంచెం మెచ్చుకున్నాను కూడా. అరుణ చదివి, టీ పెట్టి ఇచ్చింది.

జూన్ 28, శనివారం

రామంతాపూర్ వెళ్లాను. చెరువు వైపు సందులో వాళ్లిల్లు, కింద వాటా. తల్లి కుర్చీ వేసింది. చంద్రిక నన్ను కూర్చోమనలేదు. నిలబడే రెండు పేజీలూ చదివింది. మళ్లీ మొదటి పేజీకి తిప్పింది.

థాంక్స్ సార్ అంటుందనుకున్నాను. "అయ్యో, ఎందుకమ్మా" అనడానికి సిద్ధంగా కూడా ఉన్నాను.

"నేను వద్దన్న సార్," అంది.

"ఏంటమ్మా?"

"ఇండ్ల లేదు అది. మండే పొద్దుగాల మీరు నా టేబుల్ కాడికొచ్చి రాయమన్నరు. నేను నిన్న రాలేదు సార్, రాయనన్న. టీ టైంల మళ్లొచ్చిన్రు. అప్పుడు గూడ వద్దన్న. మూడోసారి ఏమన్నరో యాదికి ఉందా? నిన్ను పర్మినెంట్ జేసే కన్ఫర్మేషన్ కాయితం నా సంతకం కోసమే ఆగింది, సూస్కో అన్నరు. అప్పుడు రాసిన." గొంతు పెంచలేదు. "ఇది సదివితే, మీరు రాయమంటే నేను సంబరంగ రాసినట్టుంది. ఆ ల్యాబోళ్లు ఏమనుకుంటరు? రేపు ఇంకొకరు రాయమంటే గూడ రాస్తదనుకోరా?"

ఆమె తల్లి గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది. ఆ అమ్మాయి చెప్పింది ప్రతి అక్షరం నిజం. ఈ పుస్తకంలో ఇన్ని పేజీలు రాసుకున్నాను. నాకోసమే రాసుకున్నాను, ఎవరూ చూడరు. ఇందులో కూడా ఆ మాట లేదు. మరిచిపోలేదు. ఒక్క రోజు కూడా మరిచిపోలేదు.

సిగ్గుతో చచ్చిపోయాను. రెండో పేజీ అడుగున కొంచెం జాగా ఉంది. "ఇక్కడ చేరుస్తాను," అని పెన్ను తీశాను.

"వద్దు సార్. అడుగున ఇరికియ్యకండి. మొత్తం మొదటి నుంచి రాయండి."

వాళ్ల డైనింగ్ బల్ల మీద ప్లాస్టిక్ గుడ్డ సాపు చేసి, కాగితం పెట్టుకుని కూర్చున్నాను. ఆమె ఎదురుగా నిలబడింది. మొదటిసారి వద్దంది. రెండోసారి వద్దంది. మూడోసారి నేను ఆమె కన్ఫర్మేషన్ అడ్డం పెట్టి బెదిరించాను. బెదిరించాను అన్న చోట చెయ్యి ఆగింది. రాశాను. గంటంపావు పట్టింది. పెన్ను ఎలా రాసిందో, ఇంకు ఎలా పడిందో గమనించలేదు.

ఆమె ఫోనులో ఫొటో తీసుకుని, ల్యాబ్‌కి ఇవ్వడానికి కాగితాలు దగ్గర పెట్టుకుంది. వాళ్లమ్మ టీ ఇచ్చింది. తాగి వచ్చేశాను.

జూన్ 30, సోమవారం

చర్లపల్లి వాళ్లకు నేనే ఫోన్ చేసి చెప్పాను. వేరేవాళ్ల నోట వినేకంటే నేను చెప్పడమే నయమని అరుణ అంది. కాదు, నేనే అనుకున్నాను. అరుణ సరే అంది. అవతలి మనిషి చాలాసేపు విని, "రేపు రాకండి లక్ష్మీకాంత్ గారూ, మేము కబురు చేస్తాం," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ కబురు రాదని నాకు తెలుసు. అరుణకీ తెలుసు. ఇద్దరం పప్పుచారుతో అన్నం తిన్నాం.

భయంగా ఉంది.

జులై 1

ఇవాళ చేరాల్సిన రోజు. మాసిన బట్టలన్నీ ఉతికి ఆరేశాను.

జులై 3, గురువారం

పొద్దున చంద్రిక మెసేజ్: "ల్యాబోళ్లు సోమవారం నుంచి రమ్మన్నరు సార్." అంతే.

ఆమె థాంక్స్ చెప్పనక్కర్లేదు, నేను ఆశించనూ లేదు.

ఆశించాను. సాయంత్రం ఆరింటి దాకా, ఇంకో మెసేజ్ వస్తుందేమోనని ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను. రాలేదు.